మఠం నుంచి సింహాసనం దాకా: రాజ్యం కాకముందు మోంటెనెగ్రో

ఏటా జూలై 13న మోంటెనెగ్రోలో జాతీయ సెలవు. 1878లో అదే తేదీన బెర్లిన్‌లో యూరప్ పెద్ద దేశాలు ఆ దేశాన్ని స్వతంత్ర రాజ్యంగా గుర్తించాయి. 1941లో ఆక్రమణదారుల మీద తిరుగుబాటు మొదలైంది కూడా ఆ రోజునే. కానీ మన పోటీ పరీక్షల పుస్తకాల్లో మోంటెనెగ్రో అంటే 2006లో రిఫరెండం పెట్టుకుని సెర్బియా నుంచి విడిపోయిన కొత్త దేశం. ఇంకోచోట 1910లో రాజ్యమైందని ఉంటుంది, మరోచోట 1852లో ప్రిన్సిపాలిటీ అయిందని. వీటిలో ఏదీ తప్పు కాదు. ఒకే కొండ ప్రాంతం హోదాను వేరువేరు అర్థాల్లో చెబుతున్న తేదీలివి.

క్లుప్తంగా: మోంటెనెగ్రోను సుమారు మూడున్నర శతాబ్దాలు మఠాధిపతులైన బిషప్పులు నడిపించారు. 1852లో పాలకుడు మతపదవి వదిలి ప్రిన్స్ అయ్యాడు. 1878లో అంతర్జాతీయ గుర్తింపు, సముద్రతీరం వచ్చాయి. 1910లో ప్రిన్స్ రాజయ్యాడు. హోదా మారిన ప్రతిసారీ దాని వెనుక వారసత్వమో, పన్నో, పొరుగువాడితో పోటీయో, ఏదో ఒక ఆచరణలోని చిక్కు ఉంది. హోదా పెరిగినంత వేగంగా ఆదాయం పెరగలేదు. ఈ చరిత్రలో సగం ఆ తేడాలోనే ఉంది.

ముందు ఒక మాట గురించి. ప్రిన్సిపాలిటీని తెలుగులో 'సంస్థానం' అంటే గద్వాల, వనపర్తి గుర్తుకొస్తాయి, లేదా హైదరాబాద్ నిజాం గుర్తుకొస్తాడు. అక్కడ పైన ఒక అధికారం ఉందన్న సంగతిలో సందేహం లేదు. మోంటెనెగ్రోలో అసలు గొడవే అది. పైన తానున్నానని ఇస్తాంబుల్‌లోని ఆటోమన్ సుల్తాన్ అనేవాడు, ఎవరూ లేరని కొండ మీదివాళ్లు అనేవారు. 1878 దాకా ఈ వాదన తేలలేదు.

కొండకు దారి లేకపోవడమే కోట

మోంటెనెగ్రో అంటే వెనిస్ వాళ్ల భాషలో నల్ల కొండ. స్థానికులు త్సర్నా గోరా అంటారు, తుర్కులు కరదాగ్ అనేవారు. మూడు పేర్లకూ అర్థం ఒకటే. ఆడ్రియాటిక్ తీరాన కోటోర్ రేవు నుంచి చూస్తే 1,700 మీటర్లకు పైగా ఎత్తున్న లోవ్చెన్ పర్వతం నిటారుగా లేస్తుంది. దాని వెనుక సున్నపురాతి గుంటలు, మధ్యమధ్యలో దోసెడు మట్టి ఉన్న చిన్న చేలు. వాన నీరు రాతిలోకి ఇంకిపోతుంది, పైన నిలవదు.

మధ్యయుగంలో ఈ ప్రాంతాన్ని జేటా అనేవారు. తుర్కులు ముందుకొస్తున్నకొద్దీ దాని ప్రభువు ఇవాన్ త్సర్నోయెవిచ్ పల్లపు భూములు వదిలి పైకి జరిగాడు. 1482 నాటికి సెటిన్యేలో మకాం పెట్టి, రెండేళ్లలో అక్కడ మఠం కట్టించాడు. కొడుకు జుర్జ్ అచ్చుయంత్రం తెప్పించాడు. దక్షిణ స్లావ్‌ల నేలపై సిరిలిక్ లిపిలో తొలి పుస్తకం 1494లో ఆ యంత్రం మీద అచ్చయింది. రెండేళ్లకే జుర్జ్ వెనిస్‌కు వెళ్లిపోయాడు. 1499లో తుర్కులు ఈ ప్రాంతాన్ని ష్కోడర్ (ఇప్పటి అల్బేనియాలోని పట్టణం) పాలనలో కలుపుకున్నారు.

కలుపుకోవడం కాగితం మీద జరిగింది. పన్ను కొన్నేళ్లు వచ్చేది, కొన్నేళ్లు వచ్చేది కాదు. సైన్యం పంపితే లెక్క కుదిరేది కాదు. చిన్న దళాన్ని కొండ దారుల్లో చుట్టుముట్టి కొట్టేవారు. పెద్ద దండు వస్తే దానికి అక్కడ తిండి, నీళ్లు దొరికేవి కావు. తుర్కు సైన్యం సెటిన్యే దాకా వచ్చి మఠాన్ని కూల్చిన సందర్భాలు ఒకటికి మించి ఉన్నాయి. వచ్చిన సైన్యం అక్కడ ఉండిపోవడానికి మాత్రం తగిన లాభం కనిపించలేదు. "ఎన్నడూ లొంగని కొండ" అనే జాతీయ కథనంలో అతిశయం ఉంది. అలాగని అది మామూలు తుర్కు జిల్లా అనడమూ సరికాదు. ఆ పేదతనం చాలావరకు దానికి రక్షణగా పనిచేసింది.

సన్యాసి ఎందుకు పాలకుడయ్యాడు

త్సర్నోయెవిచ్‌లు పోయాక ఆ కొండల మీద మిగిలింది తెగలు. ఒక్కో తెగకు తన మేతభూములు, తన పెద్దలు, తన పగలు. ఒకరి మనిషిని చంపితే వాళ్ల మనిషిని చంపేదాకా నిద్రపట్టని సమాజం అది. చంపినవాడు దొరక్కపోతే వాడి అన్నదమ్ముల్లో ఎవరైనా సరే. ఇలాంటి చోట ఒక తెగ నాయకుడు పాలకుడైతే మిగిలిన తెగలు ఒప్పుకోవు. అందరికీ పనికొచ్చే మనిషి ఒక్కడే, సెటిన్యే మఠంలోని బిషప్. అతన్ని వ్లాదిక అనేవారు. అతనికి భార్యాపిల్లలు ఉండరు, కనీసం సిద్ధాంతరీత్యా తెగ పక్షపాతమూ ఉండదు. శపిస్తాడన్న భయం కూడా ఉండేది. పోలీసులు లేని చోట ఆ భయమే పోలీసు. సంప్రదాయం ప్రకారం 1516 నుంచి ఈ పద్ధతి నడిచింది.

మొదట్లో వ్లాదికను తెగల సభ ఎన్నుకునేది. 1697లో న్యెగుషి గ్రామానికి చెందిన దనిలో పెట్రోవిచ్ ఎన్నికయ్యాక పదవి ఒక్క ఇంట్లోనే నిలిచిపోయింది. ఆర్థడాక్స్ బిషప్ పెళ్లి చేసుకోకూడదు కాబట్టి కొడుకు ఉండడు. అందుకని పదవి మేనమామ వరుసలో కాకుండా అన్నదమ్ముల పిల్లల వరుసలో, బాబాయి నుంచి అన్న కొడుక్కి దిగుతూ వచ్చింది. వారసుడిని ముందే ఎంచి చిన్నప్పుడే మఠంలో పెట్టేవారు. యూరప్‌లో చాలా అరుదైన ఏర్పాటు ఇది.

దీనిలో ఒక లోపం ఉంది. కొత్త వ్లాదికకు మరో పెద్ద బిషప్ దీక్ష ఇవ్వాలి, ఆ పెద్దవాళ్లు బయట ఉన్నారు. దనిలో 1700లో దీక్ష కోసం హంగరీ దాకా వెళ్లాడు. తర్వాతి వ్లాదికల్లో మొదటి పీటర్ 1784లో ఆస్ట్రియా ఏలుబడిలోని స్రెమ్‌స్కి కార్లోవ్‌త్సికి, రెండో పీటర్ 1833లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు వెళ్లారు. ఎవరి దగ్గర దీక్ష తీసుకుంటే వారి మాట కొంత వినాల్సి ఉంటుంది. 1711లో రష్యా జార్ మొదటి పీటర్ తుర్కుల మీద లేవమని మనుషుల్ని పంపినప్పటి నుంచి రష్యాతో సంబంధం గట్టిపడింది. రష్యా దూరాన ఉంది, ఒకే మతం, డబ్బు ఇస్తుంది, ఆక్రమించుకునే వీలు లేదు. దిక్కు కోరుకునే చిన్న దేశానికి ఇంతకంటే సౌకర్యమైన అండ దొరకదు.

ఆ అండ మీద జనానికి ఎంత గురి ఉండేదో చెప్పే విచిత్రమైన ఘట్టం ఒకటుంది. 1767లో తీరప్రాంతానికి వచ్చిన ష్చెపాన్ మాలి అనే నాటువైద్యుడు రష్యా జార్ మూడో పీటర్ తానేనని జనాన్ని నమ్మించాడు. నిజమైన మూడో పీటర్ అప్పటికి అయిదేళ్ల కిందటే చనిపోయాడు. తెగలన్నీ ఇతణ్ని పాలకుడిగా ఒప్పుకున్నాయి. అసలు వ్లాదిక సావా పక్కకు తప్పుకోవలసి వచ్చింది. మోసం బయటపెట్టడానికి రష్యా 1769లో ప్రిన్స్ దోల్గొరూకొవ్‌ను పంపింది. అతను మొదట అరెస్టు చేయించి, కొండ మీద వ్యవహారం చూశాక, చివరికి ఇతనితోనే పాలన సాగనిచ్చి వెళ్లిపోయాడు. కారణం తేలికే. ఈ దొంగ జార్ పగలను అణిచాడు, దొంగతనాలను కఠినంగా శిక్షించాడు. అప్పటిదాకా ఏ వ్లాదికకూ అంత పట్టు దొరకలేదు. రోడ్డు వేయిస్తుండగా మందుగుండు పేలి చూపు పోయింది. 1773లో ష్కోడర్ పాషా లంచమిచ్చిన మంగలి చేతిలో హతమయ్యాడు. బిషప్ ఆశీర్వాదం కంటే 'జార్' అనే బిరుదు తెగలను ఎక్కువ కట్టిపడేసిందన్నది తర్వాతి పాలకులు మరచిపోని సంగతి.

చట్టం, పన్ను, బిలియర్డ్స్ బల్ల

వ్లాదిక మొదటి పీటర్ కాలం (1784–1830) మలుపు. 1796లో మార్తినిచి, క్రుసి యుద్ధాల్లో ష్కోడర్ పాషా కరా మహ్మూద్ ఓడిపోయాడు, రెండోదానిలో చనిపోయాడు. ఈ గెలుపుతో బ్ర్దా అనే తూర్పు కొండల తెగలు కొన్ని సెటిన్యే వైపు చేరాయి. 1798లో తొలి రాతచట్టం వచ్చింది, 1803లో దాన్ని పెంచారు. మొత్తం 33 అంశాలు. ఎక్కువ భాగం హత్య, పగ, దొంగతనం గురించే. అమలు చేసే యంత్రాంగం లేక, తెగలను కాళ్లావేళ్లా పడి, శపించి, ఉత్తరాలు రాసి ఒప్పించడంతోనే ఆయన జీవితం గడిచింది. నెపోలియన్ యుద్ధాల్లో కోటోర్ అఖాతం కొన్నాళ్లు చేతికొచ్చింది గానీ, 1814లో పెద్ద దేశాలు దాన్ని ఆస్ట్రియాకు ఇచ్చేశాయి. సముద్రం కళ్లముందే ఉంటుంది. అక్కడి సంతలో జున్ను, ఎండు మాంసం అమ్మి ఉప్పు కొనుక్కోవాలన్నా పరాయి సరిహద్దు దాటాలి. తర్వాతి వందేళ్ల విదేశాంగ విధానమంతా ఈ ఒక్క ఇబ్బంది చుట్టూ తిరిగింది.

ఆయన తర్వాత వచ్చిన రెండో పీటర్ న్యెగోష్ కవిగా ప్రసిద్ధుడు. పాలకుడిగా ఆయన చేసిన పని మాత్రం కవిత్వానికి చాలా దూరం. 1831లో సెనేట్ పెట్టాడు. గార్డు అనే సాయుధ దళాన్ని, పెర్యానిక్‌లు అనే అంగరక్షకులను ఏర్పాటు చేశాడు. వెనిస్ కాలం నుంచి ఒక కుటుంబం చేతిలో ఉన్న గువర్నదుర్ అనే లౌకిక పదవిని రద్దు చేసి ఆ కుటుంబాన్ని దేశం నుంచి పంపించాడు. 1834లో సెటిన్యేలో తొలి ప్రాథమిక పాఠశాల తెరిచాడు. అన్నిటికంటే కష్టమైనది పన్ను. సుల్తాన్‌కు పన్ను కట్టకపోవడమే స్వాతంత్ర్యమని తరాలుగా నమ్మినవాళ్లను ఇప్పుడు సెటిన్యేకు పన్ను కట్టమంటే ఎలా ఒప్పుకుంటారు? కొన్ని తెగలు ఎదురు తిరిగాయి, కొన్ని తుర్కుల వైపు వెళతామని బెదిరించాయి. రష్యా ఏటా పంపే డబ్బు లేకపోతే సెనేటర్లకు జీతాలు కూడా కష్టమయ్యేవి.

1838లో కట్టించిన ఆయన నివాసాన్ని నేటికీ బిల్యార్దా అంటారు. బండి దారి కూడా లేని ఆ రోజుల్లో కోటోర్ నుంచి లోవ్చెన్ మీదుగా బిలియర్డ్స్ బల్లను మోయించి తెప్పించాడు, భవనానికి ఆ పేరే స్థిరపడింది. భవనం పక్కనే మఠం, మఠం పైన గుట్ట మీద గుండ్రటి బురుజు. యుద్ధంలో నరికిన తుర్కుల తలలను ఆ బురుజు మీద పెట్టేవారు. ఆధునిక పాలన, పాత ఆచారం ఒకే ఆవరణలో నాలుగడుగుల దూరంలో ఉండేవి. 1851లో ముప్పై ఏడేళ్ల వయసులో న్యెగోష్ క్షయతో చనిపోయాడు.

1852: వ్లాదిక ప్రిన్స్ అవుతాడు

వారసుడు మరో దనిలో. దీక్ష కోసం రష్యాకు బయల్దేరాడు గానీ అతనికి సన్యాసం మీద ఆసక్తి లేదు, పెళ్లి చేసుకోవాలని ఉంది. 1852లో సెనేట్ మోంటెనెగ్రోను లౌకిక ప్రిన్సిపాలిటీగా ప్రకటించింది. జార్ మొదటి నికోలస్ ఒప్పుకున్నాడు. దనిలో వ్లాదికగా దీక్ష తీసుకోకుండానే ప్రిన్స్‌గా తిరిగొచ్చాడు. అప్పటి నుంచి చర్చికి వేరే అధిపతి.

పెళ్లి కోరిక ఒక్కటే కారణమైతే ఇంత మార్పు జరిగేది కాదు. సెనేట్, గార్డు, పన్ను వచ్చాక పాలకుడి పని ఆశీర్వదించడం నుంచి శిక్షించడానికి మారిపోయింది. ఆ పనికి మతదీక్ష అడ్డే తప్ప సాయం కాదు. విదేశీ కొలువుల్లోనూ బిషప్‌ను ప్రభువుగా చూడటానికి ఎవరికీ వరస తెలియదు.

ఇస్తాంబుల్‌కు ఇది నచ్చలేదు. తమ జిల్లా అనుకున్నచోట వంశపారంపర్య ప్రభువు ఎలా పుడతాడు? 1852 చివర్లో తుర్కు సేనాని ఒమర్ పాషా దండు బయల్దేరింది. మందుగుండుకు సీసం చాలక, న్యెగోష్ తెప్పించిన అచ్చుయంత్రంలోని అక్షరాలను కరిగించి తూటాలు పోశారు. ఆస్ట్రియా 1853 మొదట్లో కౌంట్ లైనింగెన్‌ను ఇస్తాంబుల్‌కు పంపి గట్టిగా హెచ్చరించాక ఆ దండు వెనక్కి మళ్లింది. ఆస్ట్రియాకు మోంటెనెగ్రో మీద ప్రేమేమీ లేదు. తన సరిహద్దులో తుర్కు సైన్యం, దాని వెనుక రష్యా ఆగ్రహం, రెండూ దానికి టెన్షనే.

1855 నాటి దనిలో చట్టంలో 95 అంశాలున్నాయి. చట్టం ముందు అందరూ సమానమన్నది అందులో ఉంది. హంతకుడి బంధువులను పగతో చంపడాన్ని నిషేధించడం కూడా ఉంది. వ్లాదికల కాలంలో శాపంతో ఆపాలని చూసినదాన్ని ఇప్పుడు తుపాకీతో ఆపారు. పన్ను కట్టని, మాట వినని తెగల మీద దనిలో అన్న మిర్కో నడిపిన దాడులు చాలా క్రూరమైనవి. ఆ జ్ఞాపకాలు ఆ లోయల్లో తరాలపాటు మిగిలాయి.

1856 పారిస్ సమావేశంలో తుర్కులు మోంటెనెగ్రో తమదేనని మళ్లీ చెప్పుకున్నారు. రెండేళ్లకు గ్రహోవాత్స్ దగ్గర మిర్కో వాళ్ల సైన్యాన్ని చిత్తుగా ఓడించాడు. దాని ఫలితం మైదానంలో కంటే మ్యాపు మీద ఎక్కువ. పెద్ద దేశాల ప్రతినిధులు వచ్చి రెండింటి మధ్య సరిహద్దు గీశారు. సరిహద్దు అంటూ ఉంటే అవతల ఉన్నది వేరే దేశమనేగా! పేరుకు గుర్తింపు రాకపోయినా సగం పని అయిపోయింది.

1860 ఆగస్టులో కోటోర్ రేవులో బ్యెలోపావ్లిచి తెగకు చెందిన తోదోర్ కదిచ్ దనిలోను కాల్చి చంపాడు. చిత్రమేమిటంటే, కొడుకు వారసుడు కావాలని బిషప్ పదవినే రద్దు చేసిన దనిలోకు కూతురు ఒక్కతే. సింహాసనం మళ్లీ అన్న కొడుక్కే, మిర్కో కొడుకు నికోలాకే వెళ్లింది. అతనికి అప్పుడు పద్దెనిమిదేళ్లు, పారిస్‌లో చదువుకుని వచ్చాడు.

బెర్లిన్ ఇచ్చినవి, బెర్లిన్ బిగించినవి

నికోలా మొదటి యుద్ధం ఓటమే. 1862లో ఒమర్ పాషా మళ్లీ వచ్చి కఠినమైన షరతులు పెట్టాడు. వాటిలో చాలా వాటిని ఎవరూ అమలు చేయించలేదు. పక్క హెర్జెగొవినాలో తిరుగుబాటు రగిలి, 1876లో సెర్బియాతో కలిసి మళ్లీ యుద్ధానికి దిగినప్పుడు కథ మారింది. సెర్బియా ఓడింది, మోంటెనెగ్రో గెలిచింది. వూచి దో, ఫుందినా విజయాలు, తర్వాత నిక్షిచ్, 1878 జనవరిలో బార్, ఉల్సిన్ రేవులు. మధ్యలో రష్యా కూడా యుద్ధంలోకి దిగడం ఈ విజయాలకు పెద్ద దన్ను.

1878 మార్చిలో రష్యా రాయించిన సాన్ స్టెఫానో ఒప్పందం ప్రకారం మోంటెనెగ్రో మూడింతలకు పైగా పెరగాలి. జూలైలో బెర్లిన్‌లో దాన్ని కత్తిరించారు. చివరికి సుమారు 4,400 చదరపు కిలోమీటర్ల దేశం 9,000 దాటింది. అంటే మన ఉమ్మడి అనంతపురం జిల్లాలో సగం. వైశాల్యం తక్కువే అయినా నిక్షిచ్, పొడ్గోరిత్స లాంటి పట్టణాలు, పండే భూమి, బార్ రేవు వచ్చాయి. అప్పటిదాకా పట్టణం అనదగ్గది సెటిన్యే ఒక్కటే, అదీ మఠం చుట్టూ ఉన్న పెద్ద ఊరు.

ఒప్పందం 26వ అధికరణం స్వాతంత్ర్యాన్ని గుర్తించింది. ఆ వాక్యం రాసిన తీరు గమనించదగ్గది. సుల్తాన్, అంతవరకు గుర్తించని మిగతా దేశాలు ఇప్పుడు గుర్తిస్తున్నాయి అని. అంటే ఇంతకుముందే గుర్తించినవాళ్లున్నారని అర్థం. సుల్తాన్ పరువు, నికోలా పరువు రెండూ నిలిచాయి.

29వ అధికరణం చదివితే మరో దృశ్యం. బార్ రేవులోకి ఏ దేశపు యుద్ధనౌకా రాకూడదు. మోంటెనెగ్రోకు యుద్ధనౌకలు ఉండకూడదు. తీరంలో సముద్ర పోలీసు పని ఆస్ట్రియా చేస్తుంది. కొత్త భూమిలో రోడ్డు, రైలు వేయాలన్నా ఆస్ట్రియాతో మాట్లాడుకోవాలి. బార్ పక్కనే ఉన్న స్పిచ్ గుట్టలను కూడా ఆస్ట్రియాకే ఇచ్చారు, అక్కణ్నుంచి రేవు మొత్తం కనిపిస్తుంది. ఇంటి తలుపు ఇచ్చి తాళంచెవి పొరుగింట్లో పెట్టినట్టయింది.

ఇంకో చిక్కు కొత్త సరిహద్దు దగ్గర వచ్చింది. ప్లావ్, గూసిన్యే మోంటెనెగ్రోకు రాసిచ్చారు. అక్కడి అల్బేనియన్ ముస్లింలు ప్రిజ్రెన్ లీగ్ అనే అల్బేనియన్ సంఘం అండతో ఆయుధాలు పట్టి ఒప్పుకోలేదు. బదులుగా ఉల్సిన్ ఇస్తామన్నారు, అక్కడా ప్రతిఘటనే. చివరికి యూరప్ దేశాల యుద్ధనౌకలు ఆడ్రియాటిక్‌లో బారులు తీరాక 1880 నవంబరులో ఉల్సిన్ చేతికొచ్చింది. కొత్త ప్రాంతాల నుంచి ఎందరో ముస్లింలు ఇళ్లూ వాకిళ్లూ వదిలి తుర్కు భూభాగానికి వలస వెళ్లారు. విజయగాథల్లో ఈ భాగానికి చోటు తక్కువ.

మిగతా బాల్కన్ దేశాలతో పోలిస్తే

సెర్బియా, రొమేనియా, బల్గేరియా ముగ్గురిదీ దాదాపు ఒకే మెట్ల దారి. మొదట సుల్తాన్ కింద స్వపరిపాలన, తర్వాత స్వాతంత్ర్యం, ఆపై కిరీటం. రొమేనియా 1881లో, సెర్బియా 1882లో రాజ్యాలయ్యాయి. బల్గేరియా 1908లో స్వాతంత్ర్యం, రాజరికం ఒకేసారి ప్రకటించుకుంది. మోంటెనెగ్రో దారి తిరగబడింది. సుల్తాన్ ఇచ్చిన స్వపరిపాలన పత్రం ఏదీ దాని దగ్గర లేదు. ముందు ఎవరికీ లొంగని బతుకు, చాలా కాలానికి దానికో పత్రం.

పాలకవంశం విషయంలోనూ తేడా ఉంది. రొమేనియా, బల్గేరియా జర్మన్ వంశాల నుంచి ప్రభువులను తెచ్చుకున్నాయి. సెర్బియాలో రెండు వంశాలు ఒకదాన్నొకటి కూలదోసుకుంటూ వచ్చాయి. సెటిన్యేలో 1697 నుంచి ఒకటే ఇల్లు. ఈ నిలకడే తర్వాత ఇబ్బందైంది. దేశాన్నీ ఇంటినీ వేరుగా చూడటం నికోలాకు చేతకాలేదు.

అల్లుళ్లు, అప్పులు, రైలు

గుర్తింపు వచ్చాక కొంత నిజమైన నిర్మాణం జరిగింది. 1879లో సెనేట్ పోయి, రాజ్య మండలి, మంత్రిత్వశాఖలు, ఉన్నత న్యాయస్థానం వచ్చాయి. 1888లో వచ్చిన ఆస్తి చట్టం వీటిలో మేలైనది. దాన్ని రాసిన వల్తజార్ బోగిషిచ్ ఒడెస్సాలో ప్రొఫెసర్‌గా పనిచేసిన పండితుడు. ఫ్రెంచి చట్టాన్ని తెచ్చి అంటించకుండా, ఊళ్లలో భూమి, ఉమ్మడి కుటుంబం, పశువుల మేత గురించి జనం ఏ మాటలతో ఏ ఆచారం పాటిస్తారో ప్రశ్నలు తయారుచేసి అడిగించాడు. వెయ్యికి పైగా అంశాలున్న ఆ చట్టాన్ని మామూలు మనిషికి అర్థమయ్యే భాషలో రాశాడు. యూరప్ న్యాయనిపుణులు దాన్ని మెచ్చుకున్నారు.

ఆర్థికం మాత్రం కుదుటపడలేదు. రెండు లక్షల చిల్లర జనం, ఎక్కువమంది గొర్రెల కాపరులు. కరువు వస్తే రష్యా ధాన్యం పంపాలి. మగవాళ్లు పనికోసం ఇస్తాంబుల్‌కు, తర్వాత అమెరికా గనులకు వెళ్లారు. పొగాకు గుత్తాధిపత్యం, బార్ రేవు, రైలు అన్నీ ఇటలీ కంపెనీలకు దక్కాయి. 1904లో బార్ దగ్గర మార్కోనీ రేడియో టెలిగ్రాఫ్ కేంద్రం వచ్చింది. 1908లో బార్ నుంచి స్కాదర్ సరస్సు ఒడ్డున ఉన్న విర్‌పజార్ దాకా నలభై కిలోమీటర్ల పైచిలుకు నేరో గేజ్ రైలు నడిచింది. 1906 దాకా దేశానికి సొంత నాణెం లేదు, ఆస్ట్రియా డబ్బే వాడేవారు. ఆ ఏడు పెర్పెర్ వచ్చింది, దాని విలువనూ ఆస్ట్రియా క్రోన్‌తో సమానంగానే కట్టారు.

డబ్బు లేనిచోట నికోలా పెట్టుబడి పెట్టింది కూతుళ్ల పెళ్లిళ్ల మీద. పెద్దమ్మాయి జోర్కాను 1883లో అప్పటికి ప్రవాసంలో ఉన్న సెర్బియా వంశీకుడు పీటర్ కరాజోర్జెవిచ్‌కు ఇచ్చాడు. మిలిత్సా, స్తానా రష్యా రాజకుటుంబంలోకి వెళ్లారు. యెలెనా 1896లో ఇటలీ యువరాజును పెళ్లాడి నాలుగేళ్లకు ఆ దేశపు రాణి అయింది. ఆనా బాటెన్‌బర్గ్ ఇంటి కోడలు. 'యూరప్ మామగారు' అనే పేరు హాస్యంగా పుట్టినా అందులో లెక్క ఉంది. పీటర్స్‌బర్గ్‌లో సాయం అడగాలన్నా, రోమ్‌లో అప్పు పుట్టాలన్నా చుట్టరికం తలుపు తీసేది. 1889లో జార్ మూడో అలెగ్జాండర్ విందులో నికోలాను రష్యాకున్న ఒకే ఒక్క నమ్మకమైన మిత్రుడిగా కొనియాడాడు. ఆ ఒక్క మాట సెటిన్యేలో ఏళ్ల తరబడి చలామణి అయింది.

1910లోనే కిరీటం ఎందుకు

1905 డిసెంబరులో నికోలా తానే రాజ్యాంగం ఇచ్చాడు. అధికారం చాలావరకు తన దగ్గరే ఉంచుకున్నాడు. బెల్‌గ్రేడ్‌లో చదువుకుని వచ్చిన కుర్రాళ్లకు అది చాలలేదు. సభలో ప్రజా పార్టీ ఏర్పడింది, దానికి పోటీగా ప్రిన్స్ మనుషులు అసలైన ప్రజా పార్టీ మేమేనంటూ ఇంకోటి పెట్టారు. 1907లో సెటిన్యేలో బాంబులు పట్టుబడ్డాయి. విచారణలో సెర్బియా పేరు రావడంతో రెండు దేశాల మధ్య సంబంధాలు తెగిపోయాయి. 1909లో కొలాషిన్ కుట్ర కేసులో కొందరికి మరణశిక్ష అమలైంది.

ఈ గొడవల వెనుక ఉన్న పోటీ పాతదే. బాల్కన్ సెర్బులను ఎవరు ఏకం చేయాలి? 1903కు ముందు నికోలా తానే అనుకునేవాడు. ఆ ఏడు బెల్‌గ్రేడ్‌లో రాజును చంపి, నికోలా అల్లుడు పీటర్‌ను గద్దెనెక్కించారు. జోర్కా అప్పటికే చనిపోయింది. అల్లుడు రాజు, మామ ఇంకా ప్రిన్స్. 1908లో బల్గేరియా కూడా రాజ్యమైంది. అదే ఏడు ఆస్ట్రియా బోస్నియా, హెర్జెగొవినాలను కలిపేసుకుంది. హెర్జెగొవినా మీద సెటిన్యే ఆశ అక్కడితో పోయింది. దాని పరిహారంగా మరుసటి ఏడు 29వ అధికరణంలోని ముడులు కొన్ని సడలాయి.

ఈ నేపథ్యంలో పాలనకు యాభై ఏళ్లు నిండిన సందర్భం అందివచ్చింది. 1910 ఆగస్టు 28న సభ కోరిందన్న లాంఛనంతో నికోలా రాజయ్యాడు. పెద్ద దేశాలేవీ అడ్డుచెప్పలేదు. చెప్పడానికి కారణమూ లేదు. సరిహద్దు ఒక్క అంగుళం మారలేదు, ఖజానాకు కొత్త ఆదాయం రాలేదు, సైన్యం ఖర్చు రష్యాదే. జార్ రెండో నికోలస్ అతనికి రష్యా ఫీల్డ్ మార్షల్ హోదా ఇచ్చాడు. కొన్ని వేల జనాభా ఉన్న సెటిన్యేలో అప్పటికి డజను దేశాల దాకా దౌత్య కార్యాలయాలుండేవి. వాటిలో ఫ్రాన్స్ భవనం అసలు కైరో కోసం గీసిన ప్లాను ప్రకారం పొరపాటున ఇక్కడ కట్టారని అక్కడివాళ్లు ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, ఊరికీ భవనానికీ ఉన్న పొంతన చూస్తే ఆ కథ ఎందుకు పుట్టిందో తెలుస్తుంది.

ఆ వేడుకకు ఇటలీ రాజు, బల్గేరియా రాజు స్వయంగా వచ్చారు. సెర్బియా రాజు రాలేదు, తన తరఫున యువరాజు అలెగ్జాండర్‌ను పంపాడు. ఇరవై ఒక్క ఏళ్ల ఆ యువకుడు జోర్కా కొడుకు, నికోలాకు మనవడు, పుట్టింది కూడా సెటిన్యేలోనే. ఎనిమిదేళ్ల తర్వాత, 1918 నవంబరు 26న పొడ్గోరిత్సలో కూడిన సభ నికోలాను పదవి నుంచి తొలగించి మోంటెనెగ్రోను సెర్బియాలో కలిపింది. అప్పుడు సెర్బియాను రీజెంట్‌గా, అంటే రాజు బదులు, ఏలుతున్నది ఆ మనవడే.